మామ కొలిచిన చీపురు పుల్లలు

ఇట్ల నా పక్కకు జరిగి కూసోండ్రి, గట్టిగ చెప్పేంత గొంతు ఇప్పుడు నాకు లేదు. చేతుల పనేదన్న ఉంటే తెచ్చుకోండ్రి, వినుకుంట చేసుకోవచ్చు.

నా చిన్నప్పుడు మేం సూర్యాపేటల మా అమ్మమ్మ ఇంట్ల ఉండేటోళ్ళం. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు అది. నాకు ఎనిమిదేండ్లు ఉంటయేమో. మా మేనమామ ఎడ్లబండ్లు చేసేటోడు. ఇరుసు చెక్కాలన్నా, చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలన్నా పెన్‌పహాడ్ నుంచి మోతె దాకా ఆయన పేరే చెప్పేటోళ్ళు. కానీ ఆయన పానమంతా కార్ల మీద ఉండె. ఎవరి కారన్న తొవ్వల ఆగితే చాలు, పోయి కింద వంగి చూసేటోడు. "ఏం కారు మేస్త్రీ, ఎడ్లను ఎక్కడ కట్టాల్నో దొరికిందా?" అని గల్లీవాళ్ళు నవ్వేటోళ్ళు. మామ గూడ నవ్వి, దుమ్ము దులుపుకొని వచ్చేటోడు.

మిర్యాలగూడ డాక్టరు సారుకు ఒక చిన్న కారు ఉండె. ఇద్దరు కూసుంటే నిండిపోయేది. అంగడి రోజు మా ఊరికి వచ్చి రోగులను చూసి పోయేటోడు. ఒకసారి గుంతల పడి, ముందటి చక్రాల మీద బరువు మోసే ఇనుప కమాను పట్టీలు కుంగినయి. ఎడమ చక్రం పైభాగం లోపలికి ఒరిగింది. పట్నం తీసుకపోవాల్నంటే దూరం. మామ పోయి, నేను చేస్త సారూ అన్నడు. సారు ఒప్పుకున్నడు. "సరే చెయ్యి. సక్కగ నడిస్తే మిర్యాలగూడల నీకొక షెడ్డు ఏపిస్త. మా దోస్తుల కార్లు గూడ నీ దగ్గరికే వస్తయి" అన్నడు. ఆ మాట విన్నకాడికెళ్ళి మామకు అన్నం సయించలే.

పని మా వాకిట్లనే మొదలుపెట్టిండు. కుడి చక్రం బాగనే ఉండె కాబట్టి ముందు దాన్ని కొలిచిండు. గోడ కట్టే మేస్త్రీలు దారానికి వేలాడదీసే ఇత్తడి గుండు ఉంటది గద, దాన్ని చక్రం మీది రేకు నుంచి కిందికి వదిలిండు. ఆ దారానికీ చక్రం పైఅంచుకూ నడుమ సందుకు ఒక చీపురు పుల్ల, కిందిఅంచుకు ఇంకో పుల్ల సరిగ్గ కోసిండు. పై పుల్ల పొట్టిగ, కింది పుల్ల జర పొడుగుగ వచ్చినయి. పై పుల్ల కొసకు దీపం మసి పూసి గురుతు పెట్టుకున్నడు. చక్రం వంకరగ ఉన్నది గద మామా అని నేనంటే, నన్ను దగ్గర కూసోబెట్టుకొని చెప్పిండు.

"ఖాళీగ నిలబడ్డప్పుడు పైన జర బయటికి వాలి ఉండాలె కోడలా. మనుషులు ఎక్కి కూసుంటే అప్పుడు నిటారు అయితది. ఇప్పుడే నిటారుగ పెడితే, బరువు పడంగనే లోపలికి ఒరుగుతది. ఆ వాలు ఎంతనో ఈ రెండు పుల్లలకే తెలుసు."

పుల్లలను దీపంగూట్ల దాచి, ముందు భాగమంతా విప్పి, కమాను పట్టీలను కమ్మరి కొలిమికి మోసుకపోయిండు. ఇగ కుడి చక్రం గూడ ఊడిపోయింది. కొలత మిగిలింది ఆ పుల్లలల్లనే.

నాకు చెవులు కుట్టించి అప్పటికి నెల గూడ కాలే. కమ్మలు చేయించేదాకా రంధ్రాలు పూడకుండ అందరు ఆడపిల్లల లెక్క నాకూ చీపురు పుల్ల ముక్కలు పెట్టిండ్రు. మర్నాడు పొద్దున తానం చేస్తుంటే అవి రెండూ జారిపోయినయి. రంధ్రాలు పూడితే కమ్మలు చేసే అవుసులాయన మళ్ళ సూది పెడుతడని ఇల్లంత పుల్లల కోసం వెతికిన. వాకిలి ఊడ్చే చీపురుల పుల్ల చెవుల పెట్టుకోవద్దని అమ్మమ్మ చెప్పి ఉండె. గూట్ల పుల్లలు చూస్తే కడిగి, నున్నగ గీకినవి. రెండింటి కొసలు, ఒకటి వడ్లగింజంత, ఇంకోటి జర ఎక్కువ, విరిచి చెవులల్ల పెట్టుకున్న. కొంచెమే గద అనుకున్న. నిజంగ గంతే అనుకున్న.

మామ కొలిమి నుంచి వచ్చి, పట్టీలు బిగించి, పుల్లలు తీసుకున్నడు. ఎండలకు పట్టుకొని చూస్తే రెండింటి కొసలూ విరిగి ఉన్నయి, మసి గురుతు గూడ లేదు. అమ్మమ్మ లోపలి నుంచి, "ఎవలే గూట్ల చెయ్యి పెట్టింది? దొరికితే ఆ చెయ్యి ఇరగ్గొడ్త" అని మొదలుపెట్టింది. "ఎలుకలేమోనే అమ్మా, ఊకో" అన్నడు మామ. తర్వాత నా దిక్కు తిరిగి, నువ్వేమన్న చూసినవా కోడలా అని మెల్లగ అడిగిండు. నేను వెంట్రుకలు చెవుల మీదికి లాక్కొని, లేదని తల ఊపిన.

ఆ ముక్కలు ఆయనకు చెయ్యి చాపేంత దూరంల ఉన్నయి. నేను నోరు తెరిచి ఉంటే, వాటిని పుల్లలకు ఆనించుకొని కొలత మళ్ళ పట్టుకునేటోడు. ఆయన కండ్లు మూసుకొని యాది చేసుకునుడు మొదలుపెట్టిండు. కమాను కింద పలుచటి రేకు ముక్క ఒకటి పెట్టుడు, చూసుడు, తీసుడు. ఎన్నిసార్లు చేసిండో. నేను ఆ పక్కనే బియ్యంల రాళ్ళు ఏరుకుంట కూసున్న.

పగటీలి, ఎండ నెత్తి మీదికి వచ్చినంక, సారు కారు కోసం వచ్చిండు. కోదాడల ఎవరికో పానం బాగలేదట, ఆగే తీరిక లేదు. కంపౌండరును పక్కన కూసోబెట్టుకొని పోయిండు. రెండు కోసులు దాటకముందే, మనుషుల బరువుకు చక్రాలు లోపలికి ఒరిగి, స్టీరింగు బిగుసుకపోయిందట. మూలమలుపుల కారు తిరగక నల్లరేగడి చేన్ల దిగబడ్డది. ఎవరికీ దెబ్బలు తగలలే, అదొక్కటే అదృష్టం. ఎడ్లతోని కారు గుంజించుకొని వచ్చి సారు కోపం గూడ చెయ్యలే. "బండ్లు చేసేటోనివి, బండ్లే చేసుకో. నీకిచ్చుడు నాదే తప్పు" అన్నడు. మామ చేతులు కట్టుకొని నిలబడ్డడు. కొలత పోయిందని గూడ చెప్పుకోలే. చెప్తే ఇంట్ల ఎవరు ముట్టిండ్రన్న మాట వస్తదని ఊకున్నడేమో.

పొద్దు గూకుతుంటే నేను చెంబుతో నీళ్ళు తీసుకపోయి ఇచ్చిన. ఆయన తాగబోయి ఆగిండు. నా చెవి దిక్కు చూసిండు. మసి పూసిన కొస నా చెవులనే ఉన్నది.  ఆయన చెంబు కింద పెట్టి, రెండు చెవుల ముక్కలనూ నొప్పి లేకుండ తీసిండు. లేచి పోయి వేప రెమ్మ తెంపుకొచ్చి, సన్నటి పుల్లలు గీకి, నూనె రాసి పెట్టిండు. "చీపురు పుల్లకు చెవి పండుతది కోడలా. వేపపుల్లయితే మంచిది" అన్నడు. గంతే. అమ్మమ్మకు గూడ చెప్పలే.

కొట్టి ఉంటే ఆ పూటతోని ఖతమయ్యేది. ఆయన మళ్ళ ఏ కారు కిందికీ వంగి చూడలే. పోయేదాకా బండ్లే చేసిండు. నా పెండ్లయినంక ఒకసారి చెప్పుకుందామని పక్కన కూసున్న. మామా, ఆ నాడు అని నేను మొదలుపెట్టంగనే, పిల్లగాడు పాలు తాగుతుండా అని ముచ్చట మార్చిండు. నాకు సిగ్గు కలగొద్దని ఆయన మార్చిండు. నాకేమో నోటి దాకా వచ్చిన మాట మళ్ళ లోపలికి పోయింది. ఇంక బయటికి రాలే.

అందుకే నా ఇంట్ల ఏది పలిగినా, పోయినా, ఎవరు చేసిండ్రని నేను ముందు అడగ. ఇంక యాళ్ళ ఉన్నది, సరిచేసుకోవచ్చు, ఏమైందో చెప్పుండ్రి అంట. నన్ను పిల్లలు మెత్తని మనిషి అంటరు. మెత్తదనం కాదది. ఆ పొద్దున నాకు ఒక్క పూట టైం ఉండె, దాన్ని నేను బియ్యం ఏరుకుంట పోగొట్టుకున్న.

మీ ఇండ్లు సల్లగుండాలె. మీ పిల్లలు భయపడకుండ, పొద్దు గూకకముందే మీ దగ్గరికి వచ్చి నిజం చెప్పేటట్టు ఉండాలె.