గుండ్రంగా రాసిన పేర్లు

మరిగే పాలలో ఉప్పు రాయి పడితే ఒక వాసన లేస్తుంది. ఈ ఉదయం బహ్రెయిన్‌లో, సనాబిస్‌లోని నా గదిలో అలా చాయ్ కాచుకున్నాను. మొదటి గుక్కకే ఆమె గుర్తొచ్చింది. ఆ చాయ్ నేర్పిన ఆమెను మేం టీచర్ అనే పిలిచేవాళ్లం. ఆమెది చైనా ఏలుబడిలోని మంగోలియా ప్రాంతం. అక్కడ మంగోలు బడిలో పాఠాలు చెప్పి, ఇక్కడ మా గోదాముకు ఇన్‌చార్జిగా వచ్చింది.

భోజనాల వేళ తన వచ్చీరాని హిందీలో చెప్పేది. వాళ్ల తాతల కాలంలో ప్రభుత్వమే చైనా అక్షరాలను సులువు చేసింది. పండితులను పంపి లిపి లేని జాతులకు లిపులు కట్టించింది. మంగోలు బడులు నడిపింది. తర్వాత ఆ పండితులలోనే ఎందరినో ద్రోహులన్నారు. గాలి మారాక బడులు మళ్లీ కళకళలాడాయి. చివరికి ఆమె కళ్లముందే ఒక్కొక్క పాఠ్యపుస్తకం చైనా భాషలోకి మారిపోయింది.

"రాజ్యాంగంలో మీ భాషకు హక్కు ఉంది కదా, భయమెందుకు?" అని వాదించాను. వాదనంటే నాకు ప్రాణం.

"ఆ వాక్యం రాసుకుని ఆఫీసుకు వెళ్లినవాళ్లనే అడిగారు, ఎవరు రాయించారని."

ఒకరోజు ఫోనులో ఒక ఫొటో చూపించింది. అది బడి కోసం తల్లిదండ్రులు పెట్టిన అర్జీ. పేర్లు బండి చక్రంలా గుండ్రంగా ఉన్నాయి, పక్కన ఎర్రటి వేలిముద్రలు.

"గుండ్రంగ ఎందుకు రాసిన్రు టీచరమ్మా?" అన్నాడు మాతో పనిచేసే నిజామాబాద్ గంగన్న.

"మొదలెవరో తెలియకూడదు భాయ్. మొదటి పేరువాణ్నే ముందు పట్టుకుంటారు. మా పాత ఆచారం."

"మా ఊళ్ల అయితే మొదటి పేరు నాదంటే నాదని కొట్టుకుంటరు!"

అందరం నవ్వాం. అది నాకే తగిలే మాట అని అప్పుడు తోచలేదు. ఆ ఫొటో పంపమని అడిగాను. చూసి తీసేస్తానన్నాక పంపింది.

ఆ శుక్రవారం పక్కనే ఉన్న జిదాఫ్స్‌లో మా తెలుగువాళ్ల సభ. మాతృభాష మీద నిప్పులు చెరిగాను. చప్పట్ల ఊపులో ఆ ఫొటోను, ఆమె ఊరి పేరును, కింద నా పేరును కలిపి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

ఎవరి ఫోనులోనో అది చూసి, మర్నాడు డ్యూటీ మొదలవకముందే టీచర్ నా దగ్గరికి వచ్చింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"తీసెయ్. ఇప్పుడే."

"నిజం చెప్పడానికి భయమెందుకు టీచర్?"

"నువ్వు బహ్రెయిన్‌లో ఉన్నావు. ఆ ముద్ర వేసిన వేలు అక్కడుంది. ఆ పేర్లలో మా తమ్ముడిదీ ఉంది."

తీసేశాను. అప్పటికే అది ఎన్ని గ్రూపులకు పాకిందో తెలియదు. నా ఎదుటే తమ్ముడికి ఫోను చేసింది. మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. వారం తర్వాత, సామాను దించుతూ, కబురేమైనా తెలిసిందా అని అడిగాను.

"ఖలాస్. అడగకు. తెలిస్తే మళ్లీ రాస్తావు."

ఆ నెలలోనే వేరే దేశానికి పని మార్చుకుని వెళ్లిపోయింది. నిజాన్ని దాచకూడదని ఇప్పటికీ నమ్ముతాను, ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఎవరి గురించి రాయబోయినా, ముందు వాళ్ల తమ్ముడు ఎక్కడున్నాడో కనుక్కుంటాను. ఆమె తమ్ముడు ఫోను ఎత్తాడో లేదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.