తూము మూసిన వంటగది

నేను అడిగినదానికి జవాబు చెప్పాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. మా సందులో మురుగుకాలువ పూడిక ఎప్పుడు తీస్తారని పంచాయతీలో అడిగాను. చూస్తామండి అన్నారు. చూడటానికి కూడా రాలేదు. తన కూతురి పెళ్లిలో నన్ను మూడో బంతిలో ఎందుకు కూర్చోబెట్టావని మా బావమరిదిని అడిగాను. నవ్వి తాంబూలం చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ బంతి మాత్రం నేను మరిచిపోలేదు.

నోటితో అడిగి ఊరుకునే మనిషిని కాను. కాగితం మీద పెడతాను. నా ఫిర్యాదులన్నీ పంపే ముందు మా ఆవిడ చదువుతుంది. మరీ ఘాటుగా ఉన్న మాట దగ్గర వేలు పెట్టి, "ఇది తీసేయండి, పాపం" అంటుంది. నేను తీయను. అయినా ఆవిడ చదవకుండా ఏదీ గడప దాటదు. ఇదీ అంతే. ముందు ఆవిడే చదువుతుంది.

మాది ద్రాక్షారామం దగ్గర చిన్న ఊరు. మెయిన్ రోడ్డు మీద ఎరువులు, పురుగుమందుల కొట్టు నాది. వెనకే ఇల్లు. మా పాత వంటగదిలో సిమెంటు గట్టు, దాని కింద అంతా ఖాళీ. అక్కడే గ్యాసు బండ, ఊరగాయ జాడీలు, బియ్యం డ్రమ్ము. మూలన గోడకి అడుగున అరచేయంత తూము. శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ జాడీలు, డ్రమ్ము ఇవతల పెట్టించి, బకెట్టుతో నీళ్లు గుమ్మరించి, పొడుగుపుల్ల చీపురుతో గట్టు కిందంతా కడిగేది. నీళ్లు తూములోంచి పెరట్లో అరటి పాదులోకి పోయేవి. ఆ తడి ఆరకముందే గూట్లో దేవుడి దగ్గర దీపం వెలిగించేది. పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఇదే పద్ధతి. ఆవిడకి నడుం నొప్పి మొదలయ్యాక బకెట్టు నింపి మోసుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టే పని నాది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. బకెట్టు పెట్టేది నేనే.

వంటగది మార్పించాలన్న కోరికా నాదే. మా ఎదురింటివాళ్లు మాడ్యులర్ కిచెన్ చేయించుకుని ఊరందరినీ పిలిచి చూపించారు. మేమూ వెళ్లాం. సొరుగులు లాగి చూపిస్తూ ఆ ఇంటావిడ మా ఆవిడతో, "మీకిలాంటివి అలవాటుండవులెండి, పాతకాలం మనుషులు" అంది. మా ఆవిడ నవ్వేసి వాళ్లిచ్చిన కాఫీ తాగింది. నేను కప్పు అలాగే కింద పెట్టేశాను.

"మనకెందుకండీ? ఉన్నది బాగానే ఉందిగా" అంది ఇంటికొచ్చాక.

"నీకు బాగానే ఉంటుంది. మాట పడింది నువ్వు, గుర్తుండేది నాకు" అన్నాను.

రాజమండ్రిలో షోరూముకి వెళ్లాం. దారంతా కడియం నర్సరీ మొక్కల లారీల వెనకాలే పాక్కుంటూ వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. షోరూము యజమాని నలభై ఏళ్లవాడు, మాటకారి. మా ఆవిడని "రండి పిన్నిగారూ" అని కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ చేతిలో రంగుల పుస్తకం పెట్టాడు. నాకు కుర్చీ వేయలేదు. నేను నిలబడే ఉన్నాను.

ఆవిడ పేజీలు తిప్పి ముదురు గోధుమరంగు మీద చెయ్యి పెట్టింది. "ఇదైతే పసుపు మరక కనపడదు" అంది. నేను తెలుపు అన్నాను. ఎదురింటివాళ్లది తెలుపే. మాది అంతకంటే తెల్లగా ఉండాలి. కింది అరలు నేలకి జానెడెత్తున పెట్టి అడుగున ఖాళీ ఉంచితే మంచిదేమో అంది. షోరూములో పెట్టిన నమూనా నేలదాకా ఉంది. నాకూ నేలదాకానే కావాలన్నాను. అప్పుడు ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నీళ్లు పోసి కడుక్కోవచ్చా బాబూ?"

"పిన్నిగారూ, గోదాట్లో ముంచి మర్నాడు తీసినా దీనికేమవదండి. మీరు నిశ్చింతగా ఉండండి."

ఈ మాట నా చెవులతో విన్నాను. నా ఫిర్యాదుకి ఉన్న బలమంతా ఈ మాటే.

పని మొదలైంది. గట్టు పగలగొట్టారు. పాత అలమరలు పోయాయి. పొయ్యి వరండాలోకి వచ్చింది. మా ఆవిడ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గరిట పట్టుకుని వండిన రోజులున్నాయి. వస్తామన్న రోజున మేస్త్రీ రాడు, వచ్చిన రోజున సామాను రాదు. నేను ఫోను చేసి తిడితే, ఆవిడ వాళ్లకి టిఫిను పెట్టేది. తూము దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ ఆగి అడిగాడు.

"దీన్నేం చెయ్యమంటారండి? అరకి అడ్డమొస్తాదండి."

యజమాని ఆరోజు అక్కడే ఉన్నాడు. "ఇంక తూముతో పనేంటండి? తడిగుడ్డ పెట్టి తుడుచుకోవడమేగా!" అన్నాడు.

మా ఆవిడ వరండాలోంచే, "మరి నీళ్లెటు పోతాయండీ?" అంది.

నేనే మూసెయ్యమన్నాను. సిమెంటు పెట్టి, పైన తెల్లటి టైలు అతికించారు. గోదాట్లో ముంచమన్న నోటితోనే తుడుచుకోండి అన్నాడే, ఏది నిజం అని అప్పుడే నిలదీయాల్సింది. నిలదీయలేదు. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి మావైపే చూస్తోంది. నా ధ్యాస అంతా ఆమె మొహం మీద ఉంది.

వంటగది తయారైంది. తలుపు తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే అరలు, వేలితో లాగితే వచ్చే సొరుగులు. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. మా ఆవిడా బాగుందంది. శుక్రవారం నేను బకెట్టు నింపి గుమ్మం దగ్గర పెట్టాను. ఆవిడ కడిగింది. తూము లేదు కనక నీళ్లని చీపురుతో గుమ్మం దాటించి వరండాలోకి తోసింది. కొంత పోయింది, కొంత అరల కింద నిలిచింది.

వానాకాలం పోయేసరికి అరల అడుగుపలక నూనెలో వేసిన అప్పడంలా ఉబ్బింది. తెల్లరంగు చివర్లు లేచి లోపలి చెక్కపొట్టు కనపడింది. సింకు కింద తలుపు మూసుకోవడం మానేసింది.

ఫోను చేశాను. "ఆయ్, పంపిస్తానండి" అన్నాడు. పంపలేదు. మళ్లీ చేశాను. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. ఫోనులో అవతల మోగే భక్తిపాట మొత్తం నాకు నోటికి వచ్చేసింది. కాగితం రాశాను. దానికీ జవాబు లేదు. చివరికి షోరూముకి పోయి, కొత్త గిరాకీలు వచ్చే వేళకి ఎదురుగా కూర్చున్నాను. ఈసారి కుర్చీ నేనే లాక్కున్నాను. వచ్చినవాళ్లందరికీ నా ఫోనులో ఉబ్బిన పలక ఫొటో చూపించాను. దాంతో ఆదివారం వస్తానన్నాడు.

వచ్చాడు, మేస్త్రీని వెంటబెట్టుకుని. మేస్త్రీ కూర్చుని పలక గోకి చూశాడు. "నీళ్లండి" అన్నాడు, అంతే.

"నీళ్లు పోస్తే గ్యారంటీ లేదని ముందే చెప్పాం కదండి" అన్నాడు యజమాని.

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటుంది. గోదాట్లో ముంచినా ఏమవదన్నది నువ్వు కాదా అని. అది నిజం. నా పక్షాన న్యాయం ఉంది. కానీ ఆ మాటకి మేమిద్దరం తప్ప సాక్ష్యం లేదు, నేను అనలేదంటాడేమో అనిపించింది. మా కొట్టుకి మందు పనిచేయలేదంటూ రైతు వస్తే, నీళ్ల పాళ్లు నువ్వే తప్పు కలిపావని నేను ఎన్నిసార్లు తిప్పి పంపలేదు! ఆ దారి నాకు తెలుసు. ఆ దారిలో నన్ను పంపేస్తాడని భయం వేసింది.

"మా ఇంట్లో చుక్క నీళ్లు పొయ్యం. తడిగుడ్డే" అన్నాను.

ఆయన నా మొహం కేసి చూశాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడకేసి తిరిగాడు.

"మిమ్మల్ని కాదండి, పిన్నిగార్ని అడుగుతున్నాను. వంటగది ఆవిడది. పిన్నిగారూ, కడుగుతారా, తుడుస్తారా? మీరొక్క మాట చెప్పండి. తుడుస్తానంటే మొత్తం మార్చేస్తాను. ఇంకో మాట అడగను."

ఆవిడ అబద్ధం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. పాలబ్బాయి లెక్క మరిచిపోతే పిలిచి మరీ గుర్తుచేసే మనిషి. దేవుడి గూడు ఆవిడ భుజం పక్కనే ఉంది, పొద్దున పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది. ఆవిడ నాకేసి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేది. 'చెప్పు' అన్నట్టే చూశాను.

"లేదండి. తుడవడమే" అంది.

చేతులు కొంగుకి తుడుచుకుని కాఫీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్లింది. వాళ్లిద్దరూ కాఫీ తాగారు. "పిన్నిగారు చెప్పాక ఇంకేముందండి" అని యజమాని లేచాడు. అన్నమాట ప్రకారం ఆ వారమే కింది అరలన్నీ మార్చాడు. నేను గెలిచాను. నా జీవితంలో నేను ఫిర్యాదు చేసి గెలిచింది ఇదొక్కటే.

శుక్రవారం వచ్చింది. అలవాటు ప్రకారం బకెట్టు నింపి గుమ్మం దగ్గర పెట్టి కొట్టు తెరవడానికి వెళ్లాను. టిఫినుకి వచ్చేసరికి బకెట్టు అక్కడే ఉంది, నిండుగా. లోపల ఆవిడ నేల మీద కూర్చుని తడిగుడ్డతో అరల వెంబడి తుడుస్తోంది. కాస్త జరగాలంటే నేలకి చెయ్యి ఆనించి, నడుం పట్టుకుని జరుగుతోంది.

"అదేంటి? కడగలేదే?" అన్నాను.

"తుడుస్తానని చెప్పాను కదండీ."

"వాడిక్కడ ఉన్నాడేంటి? ఎవరు చూడొచ్చారు?"

ఆవిడ గుడ్డ పిండింది. తుడవడం పూర్తిచేసి, గోడ పట్టుకుని లేచి, దీపం వెలిగించింది. బకెట్టులో నీళ్లు సాయంత్రం అరటి పాదుకి పోసింది.

మరుసటి శుక్రవారమూ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే. పనిమనిషిని పెడతానంటే వద్దంది. నేనే కడుగుతానని బకెట్టు ఎత్తితే, "మీరు పోసినా నేను పోసినట్టే" అని చేతిలోంచి తీసుకుంది. తాపీమేస్త్రీని పిలిచి తెల్లటైలు పగలగొట్టించి తూము మళ్లీ తెరిపించాను. ఆవిడ చూసింది. బల్లులు రాకుండా దానికి పాతగుడ్డ కుక్కింది.

ఎవరైనా ఇంటికొచ్చి వంటగది మెచ్చుకుంటే నేను కొట్టులోకి వచ్చేస్తున్నాను. రైతు ఎవరైనా సీసా పట్టుకొచ్చి మందు పనిచేయలేదంటే, పాళ్ల సంగతి అడగడానికి నాకు నోరు రావడం లేదు.

చివరికి రాజమండ్రి వెళ్లాను. అబద్ధమని వాడితో చెప్పేస్తే ఆవిడ ఆ మాటలోంచి బయటపడుతుందని అనుకున్నాను. షోరూములో ఎవరో కొత్త జంట రంగులు చూస్తున్నారు. నన్ను చూడగానే యజమాని మొహం మాడ్చుకున్నాడు.

"మళ్లీ ఏమైందండి బాబాయిగారూ?"

"ఏం కాలేదు. మేం కడుగుతాం. ప్రతి శుక్రవారం, బకెట్టుతో. ఆవిడ నాకోసం అలా చెప్పింది."

ఆయన ఆ జంటకి వినపడకుండా నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "తెలుసండి. మా ఇంట్లోనూ కడుగుతారు. ఈ గోదావరి జిల్లాల్లో శుక్రవారం కడగని వంటిల్లు ఉంటుందేంటండి?"

"తెలిసి ఎందుకు మార్చావు?"

"పిన్నిగారు లేదన్నారు. ఆవిడ చేత రెండోసారి కూడా అదే మాట అనిపించడం ఎందుకని మార్చేశానండి." ఆ జంటకేసి ఓసారి చూసి, "గోదాట్లో ముంచినా ఏమవదని నేనూ అన్నాలెండి. మీరా మాట ఎత్తుతారేమోనని దారంతా భయపడుతూ వచ్చాను" అన్నాడు.

అప్పుడు వేశాడు నాకు కుర్చీ. నేను కూర్చోలేదు. కూర్చోవడానికి మొహం చెల్లలేదు. వాడు ఒప్పుకునే నిజమే నా చేతిలో ఉండగా, నేను వాడి ముందు నా భార్య నోట అబద్ధం పలికించాను.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. వాడికి మొదటినుంచీ తెలుసు, నేనూ ఒప్పేసుకున్నాను, ఇంక నువ్వు ఆ మాటకి కట్టుబడక్కర్లేదు, కడుక్కో అన్నాను.

ఆవిడ చివరిదాకా విని, "వంకాయ వండనా, దొండకాయ వండనా?" అంది.

ఇవాళ శుక్రవారం. బకెట్టు నింపి గుమ్మం దగ్గర పెట్టి వచ్చి కొట్టులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందులో ఏ మాట ఘాటుగా ఉన్నా వేలు పెట్టి చూపించు, ఈసారి తీసేస్తాను. పంచాయతీ జవాబు చెప్పకపోయినా, మీ తమ్ముడు చెప్పకపోయినా ఫరవాలేదు. వంకాయో దొండకాయో నాకక్కర్లేదు. ఆరోజు నా మొహంలో ఏం చూసి లేదన్నావు? నన్ను కాపాడాలనుకున్నావా, నాకు భయపడ్డావా? నన్ను తిట్టినా సరే. ఇది చదివి కిందపెట్టే ముందు జవాబు చెప్పు.