బాల్చీ పట్టుకున్న కాటాదారు

నౌపడలో ఉప్పు పండించే కొటార్లలో, లారీలు తూచే కాటా దగ్గర శాంతికుమార్ పద్దెనిమిదేళ్లుగా చీటీలు రాస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. డ్రైవరు అరిస్తే చీటీ ముందుకు తోస్తాడు. డ్రైవరు నవ్వినా చీటీయే తోస్తాడు.

అలాంటివాడికి జనం పడకపోవడంలో వింత లేదు. కానీ పుట్టింది బాప్టిస్టు సంఘంలో. పెళ్లనీ, ప్రేమవిందనీ, క్రిస్మస్ అనీ ఏడాదంతా భోజనాలే. ఎప్పుడు చూసినా నాలుగు వందల మంది. అందుకని ఇరవయ్యో ఏటే ఒక ఉపాయం కనిపెట్టాడు. గుమ్మం దాటగానే ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా వంటల దగ్గరికి పోయి సాంబారు బాల్చీ అందుకుంటాడు. బాల్చీ పట్టుకున్నవాణ్ని ఎవరూ కబుర్లు అడగరు. "ఇటు" అంటారు, "సాలు" అంటారు. ఆ రెండు మాటలతోనే అతను ఊరందరికీ కావలసినవాడయ్యాడు. తన పెళ్లి విందులోనూ కోటు విప్పేసి మూడు వరసలు వడ్డించాడు. పెళ్లికూతురు కృపారాణికి మనిషి అప్పుడే అర్థమయ్యాడు.

2009లో కొటారు ఆఫీసుకి ఇంటర్నెట్ వచ్చింది. లారీలు రాని మధ్యాహ్నాల్లో శాంతికుమార్ "కొటారు కబుర్లు" అని ఒక బ్లాగు మొదలుపెట్టి, "కాటాదారు" అనే పేరుతో రాయసాగాడు. నోటితో రానిదంతా వేళ్లలోంచి వచ్చింది. ఎండనీ, యజమానులనీ, పాస్టరుగారి పొడుగు ప్రార్థనలనీ దేన్నీ వదల్లేదు. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయన్న నమ్మకం మీద అతను రాసింది బాగా తిరిగింది. అదే నిజమైతే, ఇన్ని బస్తాలు చేతులు మారే మా నౌపడలో ఈపాటికి ఒక్క మనిషీ మిగలకూడదు, మేమైతే చేతికే ఇచ్చుకుంటాం, అని రాశాడు. చదివినవాళ్లు కాటాదారంటే ఆరడుగుల మనిషి, కోర మీసం, గట్టి గొంతు అనుకున్నారు. శాంతికుమార్ అయిదడుగుల మూడంగుళాలు. మీసం దగ్గర దేవుడు చెయ్యి బిగబట్టాడు.

మొదటి టపా చదివింది ఒకే ఒక్క మనిషి. శృంగవరపుకోటలో రిటైరైన లెక్కల టీచరు తాయారుగారు. ఆ తర్వాత చదివేవాళ్లు పెరిగినా మొదటి వ్యాఖ్య మాత్రం ఎప్పుడూ ఆవిడదే. అతని తల్లి పోయిన రోజున నాలుగు లైన్లు రాస్తే అందరూ సానుభూతి తెలిపారు. తాయారుగారు "ఇవాళ అన్నం తిన్నారా?" అని అడిగారు. అది చదివి శాంతికుమార్ కాటాగది తలుపు వేసుకుని ఏడ్చాడు. మొహం చూడని ఆ మనిషంటే అతనికి అంత ఇష్టం.

2013 ఫిబ్రవరిలో విజయనగరంలో బ్లాగర్ల సమావేశం పెట్టారు. పాత నాణేల మీద బ్లాగు రాసే గణపతిరావు అనే బ్యాంకు ఉద్యోగి దానికి పెద్ద. అతని పిలుపు చూసి శాంతికుమార్ రానని రాసేవాడే. అంతలో తాయారుగారి ఉత్తరం వచ్చింది. "నా చూపు తగ్గిపోతోంది. డాక్టరు ఇంక చెయ్యగలిగింది లేదన్నాడు. కంప్యూటర్లో అక్షరాలు ఇప్పటికే అలుక్కుపోతున్నాయి. పూర్తిగా పోకముందు మిమ్మల్ని ఒకసారి చూడాలని ఉంది. విజయనగరం వస్తాను. మీరు రండి."

రానని రాయడానికి వేళ్లు కూడా ఒప్పుకోలేదు.

బయల్దేరుతుంటే కృపారాణి గుమ్మంలో నిలబడి చెప్పింది. "బాల్చీ జోలికి ఎల్లకండి. ఆవిడికి దండమెట్టి, కాటాదారుని నానేనండీ అనండి. అంతే. దానికి పెద్ద సదువు అక్కర్లేదు."

రైలు తిలారు దాటేవరకూ శాంతికుమార్ ఆ ఒక్క మాటే పెదాల మీద వల్లె వేశాడు. చీపురుపల్లి వచ్చేసరికి అదీ మర్చిపోయాడు.

కల్యాణమండపంలో రెండు వందల మంది ఉన్నారు. ఒకరినొకరు ఎన్నడూ చూడనివాళ్లు, చిన్ననాటి స్నేహితుల్లా వీపులు చరుచుకుంటున్నారు. గుమ్మం దగ్గర అతని మెడలో "కాటాదారు" అని రాసిన అట్టముక్క వేలాడదీశారు. లోపలినుంచి ఒక పెద్దమనిషి చేతులు చాచుకుంటూ వస్తున్నాడు. శాంతికుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాళ్లు వాటికి తెలిసిన దారిన పోయాయి.

వంటల దగ్గర పెద్దవంటవాడు జగన్నాధం ఇద్దరు మనుషులు రాక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. ఇతన్ని చూసి, "ఇప్పుడా రావడం? వంకాయలు తరుగు," అన్నాడు. శాంతికుమార్ కూర్చుని తరిగాడు. ప్రాణం తెరిపిన పడింది.

మైకులో గణపతిరావు గొంతు వినబడింది. "కాటాదారుగారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలి."

"ఎవుడా కాటాదారు? నీకు తెలుసేటి?" అని జగన్నాధం అడిగాడు.

"తెలీదు," అన్నాడు శాంతికుమార్.

పావుగంటకి మళ్లీ పిలిచారు, ఇంకో పావుగంటకి మళ్లీ. రెండుసార్లూ జగన్నాధం అడిగాడు, రెండుసార్లూ ఇతను తెలీదన్నాడు. మూడోసారి అన్నాక, కోడి కూసేలోగా ఏసుని మూడుసార్లు ఎరగనన్న పేతురు గుర్తొచ్చాడు. ఆదివారం బడిలో పిల్లలకి ఆ పాఠం చెప్పేది తనే. కోడి మాత్రం కుయ్యలేదు. అది శాకాహార భోజనం.

పంక్తి కూర్చుంది. సాంబారు బాల్చీ శాంతికుమార్ చేతిలోకి వచ్చింది. రెండో వరసలో ఆరో విస్తరి ముందు, దళసరి అద్దాలు పెట్టుకున్న ఒక బక్కపలచని ఆవిడ. మెడలో అట్టముక్క మీద "తాయారు, ఎస్.కోట" అని ఉంది. అతను సాంబారు పోశాడు. "చాలు బాబూ," అన్నారావిడ, చూపు ఎత్తకుండానే. అతను ఏడో విస్తరికి వెళ్లిపోయాడు. తిరిగి వస్తూ మళ్లీ పోశాడు. ఆవిడ మళ్లీ చాలన్నారు.

పక్కనున్నావిడ అంటోంది: "ఎవరికోసమో చూస్తన్నట్టున్నారు?"

"కాటాదారుగారి కోసం వచ్చానండీ. రాలేదట. మూడు గంటల బస్సుకి వెళ్లిపోతాను." ఒక క్షణం ఆగి, "ఆయనకీ ఏదో పనుండి ఉంటాది లెండి," అన్నారు.

తన తప్పు కాయడానికి ఆవిడే ఒక సాకు వెతకడం శాంతికుమార్ భరించలేకపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. బాల్చీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

పప్పులో ఉప్పు తక్కువైంది. ఉప్పు గిన్నె పట్టుకున్న మనిషి వస్తే తాయారుగారు ఎంగిలి కాని ఎడమచెయ్యి చాచారు. అతను వెనక్కి జరిగి, "సేతికి ఎయ్యకూడదండి. గొడవలొస్తాయి. ఇస్తర్లో ఎడతాను," అన్నాడు.

"నౌపడలో చేతికే ఇచ్చుకుంటారట. నేను చదివాను," అన్నారావిడ. చెయ్యి తియ్యలేదు.

శాంతికుమార్ బాల్చీ కింద పెట్టాడు. పంక్తి మధ్యలో బాల్చీ దించడం అతని జన్మలో అదే మొదలు. ఆ మనిషి చేతిలోంచి గిన్నె తీసుకుని, చిటికెడు ఉప్పు ఆవిడ అరచేతిలో వేశాడు.

"నౌపడ నుంచే వచ్చానండి," అన్నాడు. గొంతు తనది కాదనిపించింది. "కాటాదారుని నానేనండి."

తాయారుగారు పిడికిలి మూశారు. "కాస్త వంగండి. దూరమైతే కనబడదు," అన్నారు. అతను వంగాడు. ఆవిడ మొహం దగ్గరికి తెచ్చి, నుదురూ, కళ్లూ, మీసం ఉండవలసిన చోటూ తీరిగ్గా చూశారు. వరసంతా తినడం ఆపింది.

"మీసం లేదు," అన్నారు.

"లేదండి."

"ఇవాళ అన్నం తిన్నారా?"

శాంతికుమార్ కళ్లు నిండాయి. "లేదండి," అన్నాడు. ఆవిడ తనకి రెండో పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాగి కూర్చోబెట్టారు. దూరం నుంచి జగన్నాధం అరిచాడు. "ఒరే, పంక్తి నడుస్తుంటే కూసుంటావేటిరా?"

సాయంత్రం గణపతిరావు అతన్ని వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చాడు. ఖాళీగా ఉన్న రెండో చెయ్యి బాల్చీ కోసం వెతుక్కుంది, మైకులో ఊపిరి చప్పుడే వినబడింది. తాయారుగారు ముందు వరసలోంచి లేచి, వంటలవాళ్లని అడిగి ఉప్పు గిన్నె తెచ్చి ఆ చేతిలో పెట్టారు. దాంతో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. సగంమంది, వంటలాయన ధన్యవాదాలు చెబుతున్నాడనుకున్నారు. మూడు గంటల బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఆవిడ ఆరు గంటల బస్సుకి వెళ్లారు.

మరుసటి ఏడాదికి తాయారుగారికి చూపు పూర్తిగా పోయింది. కొటారు కబుర్లు మాత్రం ఆగలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే శాంతికుమార్ శృంగవరపుకోటకి ఫోను చేసి, ఆ వారం రాసింది మొదట్నుంచీ చివరిదాకా పైకి చదువుతాడు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వంటింట్లోంచి తెచ్చుకున్న ఉప్పు గిన్నె. అది లేకపోతే ఇప్పటికీ మాట రాదు. కృపారాణి ఆ గిన్నె అడగదు. ఆదివారాలు ఆ ఇంట్లో కూర చప్పగా ఉంటుంది.