బావంచాలు ఎవరి కోసం

2012. సైన్స్ పార్క్‌లో నలుగురైదుగురం పనిచేసే చిన్న కన్సల్టెన్సీ మాది. సబ్బులు, క్రీములు, నూనెలు సింగపూర్‌లో అమ్మాలనుకునేవాళ్లకు కాగితాల పని చేసిపెట్టేవాళ్లం. ఫార్మసీ చదివిన నాకు లేబుళ్లు, నోటిఫికేషన్లు అప్పజెప్పారు. నోటిఫికేషన్ అంటే అనుమతి తెచ్చుకోవడం అనుకుంటారు చాలామంది. కాదు. ఈ వస్తువు ఇది, ఇందులో ఇవి ఉన్నాయి, వాడినవాళ్లకు ఏమైనా అయితే బాధ్యత మాది అని అమ్మే ముందే ప్రభుత్వానికి చెప్పుకోవడం.

అప్పటికి మా పాప హాసికి ఎనిమిది నెలలు. సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్తున్నానే గానీ మనసు యీషున్‌లో మా ఫ్లాట్‌లోనే ఉండేది. పాపను చూసుకోవడానికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. అయినా తాగిందా, పడుకుందా, ఒళ్లు వెచ్చగా ఉందా అని గంటకోసారి ఫోన్ చేసేదాన్ని.

ఆ రోజుల్లోనే స్వర్ణ గారు వచ్చారు. ఆవిడ భర్త చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో ఉండేవారు. ఆ చుట్టుపక్కల నెలనెలా కొత్త తెలుగు కాపురాలు దిగుతున్న కాలం. చంటిపిల్లల తల్లులందరికీ ఆవిడ సున్నిపిండే. దినుసులు ఊరి నుంచి తెప్పించి, లిటిల్ ఇండియాలో మర పట్టించి, జల్లించి ప్యాకెట్లు కట్టేవారు. అక్కడే ఒక దుకాణం అతను, "లేబుల్ పద్ధతిగా ఉంటే నా షాపులో పెడతాను ఆంటీ" అన్నాడట. ఎంబీఏ చదివి, మొగుడి వీసా మీద వచ్చి ఏళ్లుగా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. ఆ దుకాణంలో ఒక అర దొరికితే, ఈ ఊళ్లో ఆవిడ పేరుతో ఉండే మొదటి చోటు అదే.

ఆవిడ గీయించుకొచ్చిన లేబుల్ అందంగా ఉంది. 'అమ్మమ్మ చేతి సున్నిపిండి, నూరుపాళ్లు సహజం' అని ఉంది. మరేమీ లేదు.

"ఇందులో ఏమేం వేస్తారండీ?" అని అడిగాను.

"అన్నీ మంచివే."

"అన్నీ మంచివే అని రాస్తే ఒప్పుకోరండీ."

పకపకా నవ్వారు. "తెలుగు పిల్లవై ఉండి సున్నిపిండిలో ఏముంటాయో నన్నడుగుతావేంటమ్మా!" అంటూనే వేళ్లు ముడుస్తూ చెప్పారు. పెసలు, శనగపప్పు, బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, తుంగముస్తెలు, గులాబీ రేకులు, బావంచాలు. వెళ్తూ వెళ్తూ ఒక ప్యాకెట్ నా సంచిలో పడేశారు. "ఇది మీ పాపకి. పెద్దమ్మ ఇచ్చిందనుకో."

మా అమ్మ ఆ వాసన చూసి మురిసిపోయింది. మర్నాటి నుంచీ హాసికి దాంతోనే స్నానం.

లేబుల్ మీద దినుసుల పేర్లు మన వాడుకలో రాయకూడదు. ఐఎన్‌సీఐ పేర్లు రాయాలి, అంటే ఏ దేశంలో చదివినా ఒకే వస్తువని తెలిసే పేర్లు. వారం తర్వాత ఒక ఉదయం ఆ పని మొదలుపెట్టాను. పెసలు దొరికాయి, పసుపు దొరికింది, వట్టివేళ్లూ దొరికాయి. చివరిది బావంచాలు. సొరాలియా కోరిలిఫోలియా. ఆ పేరు చూడగానే కాలేజీలో చదివింది గుర్తొచ్చింది. ఆ గింజల్లో సొరాలెన్ ఉంటుంది. అది ఒంటికి తగిలాక ఎండ పడితే చర్మం కందుతుంది, బొబ్బలెక్కవచ్చు, నల్లమచ్చ మిగలవచ్చు. అదీ అప్పటికప్పుడు కాదు, ఒకట్రెండు రోజులు పోయాక. నిషేధించిన పదార్థాల పట్టిక తెరిచాను. ఆ జాతి రసాయనాలన్నీ అందులో ఉన్నాయి.

గడియారం చూశాను. అది అమ్మ పాపకు స్నానం చేయించి, లేత ఎండ మంచిదని కింద పార్కులోకి తీసుకెళ్లే వేళ.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కిందికి వెళ్తే అమ్మ ఫోన్ పట్టుకెళ్లదు. "పిల్లని ఎత్తుకోనా, ఫోన్ ఎత్తుకోనా?" అంటుంది. మళ్లీ చేశాను. మళ్లీ.

"మొహం అలా అయిందేంటి? వెళ్లు లా, ఇంటికి వెళ్లు" అంది మా బాస్, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో.

కెంట్ రిడ్జ్‌లో రైలెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. బిషాన్‌లో రైలు మారేటప్పుడు పరుగెత్తాను. పిండిలో అదెంత ఉంటుందిలే, నీళ్లతో కడిగేస్తాంగా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎనిమిది నెలల చర్మానికి ఎంతైతే ఎక్కువో నేను చదివిన పుస్తకాల్లో లేదు.

ఉయ్యాలల పక్కన, సరిగ్గా ఎండలో, చేతుల్లేని గౌను వేసుకుని అమ్మ ఒళ్లో కూర్చుని ఉంది హాసి. నన్ను చూసి కాళ్లాడించింది.

"ఏంటే, కొంపలంటుకున్నట్టు ఆ పరుగేంటి? ఉద్యోగం ఊడిందా?" అంది అమ్మ.

పాపను లాక్కుని నీడలోకి పరుగెత్తాను. ఇంట్లో మళ్లీ స్నానం చేయించి, చంకలు, మెడ మడతలు, భుజాలు వెతికాను. ఏమీ లేదు. ఏమీ లేకపోవడం ఆ రోజుకి ధైర్యం కాదు. ఇంకో రెండు రోజులు చూడాలి.

మర్నాడు స్వర్ణ గారిని పిలిచి, బావంచాలు తీసేయాలని, ఎందుకో చెప్పాను. విన్నారు. మొహం ఎర్రబడింది.

"మా అమ్మమ్మ చేతి కింద పెరిగినవాళ్లం పదిమందిమి. ఎవరికేమైంది? బావంచాలు తీసేస్తే అది మా సున్నిపిండే కాదు."

"అమ్మమ్మ గారు మీ అందరికీ ఇదే పెట్టేవారా?"

"నిన్ను నమ్మించడానికి మా అమ్మతోనే చెప్పిస్తానుండు" అంటూ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. "అమ్మా, అమ్మమ్మ సున్నిపిండిలో బావంచాలు వేసేదా, లేదా?"

"వేసేది. మీ పెద్ద మావయ్య పిండిలో."

"మావయ్య పిండేంటి?"

"వాడి చేతులకి తెల్లమచ్చలుండేవి కదే. నలుగుపెట్టి కాసేపు ఎండలో కూర్చోబెట్టేది. ఆ డబ్బా వేరే. పిల్లల్ని ముట్టుకోనిచ్చేది కాదు."

"మరి నేనడిగినప్పుడు ఈ మాట చెప్పలేదేంటమ్మా?"

"అమ్మమ్మ ఏమేం వేసేదని అడిగావు, చెప్పాను. ఎవరికేది అని నువ్వడగలేదుగా."

స్వర్ణ గారు ఫోన్ పెట్టేసి ఆ అందమైన లేబుల్‌ను పక్కకి జరిపారు. తర్వాత నా ఎదురుగానే ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. "నేనిచ్చిన పిండి పారేయమ్మా. పాపని ఎండలోకి తీసుకెళ్లకు. ఒంటిమీద ఏమైనా కనపడితే డాక్టర్ దగ్గరికి వెళ్లు, నేనూ వస్తాను." కొందరు నవ్వారు, కొందరు గట్టిగానే తిట్టారు. సిమేలో ఉండే ఒకమ్మాయి మాత్రం, "బాబు భుజం మీద గోధుమరంగు మచ్చుందండీ. స్విమ్మింగ్ పూల్ దగ్గర ఎండకి కందిందనుకున్నాం" అంది. స్వర్ణ గారు వెంటనే లేచారు. దుకాణం, అర, లేబుల్ అన్నీ నా బల్ల మీదే వదిలేసి సిమే వెళ్లిపోయారు.

డాక్టర్ భయపడాల్సిందేమీ లేదన్నారు. మచ్చ మాయడానికి నెలలు పట్టింది. అన్ని నెలలూ స్వర్ణ గారు ఆ ఇంటికి వెళ్లి చూసొస్తూనే ఉన్నారు. అది పూర్తిగా పోయాకే నా దగ్గరికి మళ్లీ వచ్చారు, బావంచాలు లేని పిండితో. ఈసారి ప్రతి దినుసూ ఆవిడే ముందు చెప్పారు. ఎలా వాడాలి, కళ్లలో పడితే ఏం చేయాలి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, బాధ్యత ఎవరిదో చిరునామాతో సహా, అన్నీ అగ్గిపెట్టె అంత చోటులో ఇరికించాం. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇన్ని మాటలా సున్నిపిండికి!" అంది.

ఇన్ని మాటలూ ఒకప్పుడు ఇంట్లో ఒక మనిషి చెప్పేది. ఏ డబ్బా ఎవరిదో, ఎవరిని ఎండలో కూర్చోబెట్టాలో, ఎవరి చేతికి అందకుండా పెట్టాలో ఆవిడకు తెలుసు. పిండి విమానమెక్కింది, ఆవిడ ఎక్కలేదు. ఆవిడ చెప్పాల్సిందంతా ఆ చిన్న కాగితమే చెప్పాలని ఈ కేసు నేర్పింది. అప్పటిదాకా లేబుల్ నాకు ఒక నిబంధన.

హాసి ఒంటిమీద ఆ రెండు రోజుల్లోనే కాదు, తర్వాత కూడా ఏ మచ్చా రాలేదు. ఇప్పుడు బడికెళ్తున్న పిల్ల, పక్క గదిలో నిద్రపోతోంది. రేపు పొద్దున పార్కులో ఉయ్యాలల దగ్గరికి పరుగెత్తబోతుంటే ఆపి, భుజాలు ఒకసారి చూసి వదులుతాను. "అమ్మా, నథింగ్ లా!" అని విసుక్కుంటుంది. నాకూ తెలుసు. అయినా చూస్తాను.