కార్నర్ జెండా మూలవిరాట్టు

వీరస్వామి పద్నాలుగేళ్లు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడాడు. కలకత్తాలో ఆడాడు, గోవాలో ఆడాడు. మొత్తం మీద కొట్టిన గోల్స్ మూడు. అందులో ఒకటి సొంత గోల్‌లోకే. అయినా క్లబ్బులు ఆయన్ని పిలిచి మరీ పెట్టుకున్నాయి. ఒక్క గోల్ ముందున్న జట్టుకు చివరి పది నిమిషాలు పెద్ద గండం. ఆ గండం దాటించడమే ఆయన వృత్తి.

పని చూడటానికి తేలిక. బంతిని మైదానం మూలన ఉండే కార్నర్ జెండా దగ్గరికి తీసుకుపోవాలి. లోకానికి వీపు చూపించి, నడుం వెనక్కి పెట్టి, చేతులు చాపి నిలబడాలి. వెనకనుంచి ఎవరు తన్నినా, గుంజినా, తల్లిని తిట్టినా బంతి ఇవ్వకూడదు. వాళ్ల కాలికి తగిలి బంతి బయటికి పోతే మళ్లీ మనదే. ఆ త్రో వేసే ముందు బూటు లేసు కట్టుకోవచ్చు. రెండో బూటుకూ లేసు ఉంటుంది.

మోకాళ్లు అరిగాక హైదరాబాద్ తిరిగొచ్చి, వారాసిగూడలో ఇల్లు అద్దెకు తీసుకుని, తార్నాక పక్క యూనివర్సిటీలో కోచ్‌గా చేరాడు. కాంట్రాక్టు కోచ్. హాస్టల్ పిల్లలు మూలవిరాట్టు అని పేరు పెట్టారు. గుడిలో మూలవిరాట్టు కదలడు, ఈయన మూలన నిలబడితే కదలడు.

నేను ఆ యూనివర్సిటీలో చదవలేదు. డిగ్రీ సగంలో వదిలేసి, లైబ్రరీ బయట చెట్ల కింద ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం చదువుకుంటున్న గుంపులో ఒకడిని. ప్రాక్టీసుకు మనిషి తక్కువైతే వీరస్వామి చప్పట్లు కొట్టి పిలుస్తాడు. క్యాంపస్‌లో నన్ను ఐడీ కార్డు అడగని ఉద్యోగి ఆయనొక్కడే.

జట్టు పిల్లలకు ఆయన ఆట నచ్చేది కాదు. ఫోన్లలో విదేశీ మ్యాచులు చూసి పెరిగిన వాళ్లు. కెప్టెన్ హేమంత్ ఒకరోజు తెగించి అడిగాడు.

"అన్నా, చిన్న చిన్న పాసులతోని ఆడుదాం. చూడనీకి మస్తుంటది."

"చూసేటోడు ఇంటికి పోతడు రా. స్కోరు గీడనే ఉంటది."

"మరి గోల్ కొట్టద్దా?"

"ఒకటి కొట్టు. కొట్టుడు ఎవనికైనా వస్తది. కొట్టినంక బతుకుడు వస్తదా నీకు?"

"అది ఆట గాదన్నా, టైంపాస్."

"బిడ్డా, టైం పాస్ చేసుడు అల్కటి పని అనుకుంటున్నవా? టీం వర్క్ అంటే అందరు కలిసి ఉరుకుడు గాదు. ఒక్కడు గూడ తొందరపడకుండ ఉండుడు. పదకొండు మందిల ఒక్కడు ఆగమైతే ఖతం."

నేను చెట్ల కింద నాయకత్వం మీద చాలా పుస్తకాలు చదివాను. ఒక్కదానిలోనూ ఇంత నిజం లేదు.

ఇక ఆయన నౌకరీ సంగతి. కోచ్‌ను పర్మనెంటు చేయాలంటే వయసు నలభై నాలుగు దాటకూడదని రూలు. వీరస్వామికి జూన్‌లో నలభై నాలుగు నిండుతాయి. అంతలోపు ఆర్డరు రావాలి. లేదంటే జీవితాంతం ఏడాదికోసారి దండం పెట్టి కాంట్రాక్టు పొడిగించుకోవాలి. భార్య భూదేవి తార్నాకలో పళ్ల డాక్టరు దగ్గర పేషెంట్ల పేర్లు పిలిచే పని చేస్తుంది. ఆమెకు రోజూ ఒకటే ప్రశ్న.

"ఏమాయె నీ ఫైలు?"

"నడుస్తున్నది."

"నడుస్తే ఈపాటికి కన్యాకుమారి దాటేది."

ఫైలు ఉన్నది శేషాద్రి గారి దగ్గర. అనంతపురం నుంచి వచ్చి పరిపాలనా భవనంలో స్థిరపడిన పెద్ద అధికారి. మనిషి వెన్న. ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు, ఎవరికీ లేదని చెప్పడు.

"రాప్పా స్వామీ, కూర్చో. టీ తాగు ముందు."

"సార్, నా ఫైలు..."

"నీ ఫైలు యాడికి పోతాదప్పా? నా టేబుల్ మీదనే ఉండాది. ఈసారి సౌత్ జోన్ కప్పు కొట్టుకొని రా. వీసీ గారి ముందర పెట్టి నేనే సంతకం చేయిస్తా. సరేనా?"

సరే అన్నాడు వీరస్వామి. ఫిబ్రవరిలో ఫైనల్ మన మైదానంలోనే జరిగింది. వీసీ గారు సోఫాలో కూర్చున్నారు. సోఫా పక్కన ఎవరి కుర్చీ ఉండాలనే విషయంలో ఇద్దరు డీన్లు గొడవపడటంతో ఆట అరగంట ఆలస్యమైంది. రెండో సగంలో హేమంత్ తలతో ఒక గోల్ కొట్టాడు. ఆపైన వీరస్వామి గీత బయటనుంచి చేతిని మూల వైపు చూపించాడు. అంతే. మన పిల్లలు బంతిని కార్నర్ జెండాకు కట్టేసినట్టు ఆడారు. అవతలి జట్టు వాళ్లు ఏడ్చినంత పని చేశారు. మనవాళ్లే మనల్ని చూసి ఈలలు వేసి అరిచారు. రిఫరీ ఆట ముగించాడు. ఒకటి, సున్నా. కప్పు మనది.

కప్పుతో దిగిన ఫోటో ఫ్లెక్సీ మెయిన్ గేటుకు కట్టారు. అందులో ఇద్దరు డీన్లూ ఉన్నారు. వీరస్వామి మోచెయ్యి ఉంది.

మార్చిలో శేషాద్రి గారు కబురు పెట్టారు. టీ వచ్చింది. టీతో పాటు సంగతి కూడా వచ్చింది. ఫైనల్ చూసిన పెద్దమనిషి ఎవరో ఫిర్యాదు పెట్టాడట. చివరి పావుగంట బంతిని ఒక మూల దాచి, ప్రేక్షకుల అమూల్యమైన సమయాన్ని వృథా చేశారని.

సమయం వృథా అయిందని ఒక యూనివర్సిటీ బాధపడటం నేను వినడం అదే మొదలు.

"ఏం లేదప్పా, చిన్న కమిటీ. క్రీడాస్ఫూర్తికి భంగం కలగలేదని రెండు ముక్కలు రాసేస్తారు. నీ ఫైలుకే బలం."

కమిటీకి అధ్యక్షుడు జువాలజీ ప్రొఫెసర్ నరహరి గారు. సభ్యుల్లో లా వారు, ఫిలాసఫీ వారు, ఇంకా కొందరు. వాళ్లలో ఎవరూ బంతి తన్నిన పాపాన పోలేదు కాబట్టి నిష్పక్షపాతానికి ఢోకా లేదు. విచారణకు బంతి మోసుకుని నేనూ వెళ్లాను.

"మిస్టర్ వీరస్వామీ, ఆ పావుగంటలో మీవాళ్లు గోల్ వైపు ఎందుకు వెళ్లలేదు?" అన్నారు నరహరి గారు.

"పోతే బాల్ పోతది సార్."

"అంటే మీరు ఆట ఆడలేదు."

"ఆడినం సార్. వాళ్లను ఆడనియ్యలే."

ఫిలాసఫీ వారికి ఈ జవాబు బాగా నచ్చింది. ముందు గెలుపు అంటే ఏమిటో నిర్వచించుకోవాలన్నారు. లా వారు ప్రత్యక్షంగా చూస్తే తప్ప తేలదన్నారు. వీరస్వామి బంతిని గదిలోని ఇనుప బీరువా పక్కన పెట్టి, వీపు తిప్పి, నడుం వెనక్కి పెట్టి నిలబడ్డాడు. లా వారు చెప్పులు విడిచి బంతి లాక్కోబోయారు. ఎడమనుంచి వచ్చారు, కుడినుంచి వచ్చారు, చివరికి బీరువాను తన్నారు. బొటనవేలు వాచింది. ఆ వేలు తగ్గేవరకూ సమావేశం వాయిదా పడింది.

తర్వాతి సమావేశానికి కోరం లేదు. ఆ తర్వాతిది పరీక్షల వల్ల ఆగింది. ఆ పైన వేసవి సెలవులు. శేషాద్రి గారి టీ మాత్రం ఎన్నడూ ఆగలేదు.

"అయిపోయిందప్పా, అయిపోవచ్చింది. తొందరపడితే పని చెడతాది."

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకుంటూ వీరస్వామి బయటికి వచ్చేవాడు.

జూన్ వచ్చింది. పుట్టినరోజు నాడు పొద్దున్నే మొదటి ఫోన్ శేషాద్రి గారిది. నిండు నూరేళ్లు వర్ధిల్లాలని దీవించారు. ఆ వారంలోనే కమిటీ నివేదిక వచ్చేసింది. వీరస్వామి ఆట తీరులో ఎలాంటి దోషమూ లేదని, ఆయన ఓర్పు విద్యార్థులకు ఆదర్శమని, వెంటనే పర్మనెంటు చేయడం సముచితమని సభ్యులందరూ ఏకగ్రీవంగా రాశారు.

"ఏం చేద్దామప్పా," అన్నారు శేషాద్రి గారు. ఆయన కళ్లలో నిజంగానే తడి. "వయసు దాటిపాయె. పది దినాలు ముందర వచ్చింటే నేనే చేయించేవాణ్ణి. టీ తాగు."

వీరస్వామి టీ తాగాడు. మెట్లు దిగి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు.

"ఏం ఆడిన్రు రా! నా జిందగీల గసొంటి టీం చూడలే. ఒక్కడు తొందరపడలే. ఒక్కడు బాల్ బైటికి పోనియ్యలే. బీరువకు కాలు తగిలిచ్చుకొని త్రో గూడ వాళ్లే తీస్కున్నరు."

"నీ ఫైలు మూలన పడేసిన్రు, నువ్వు మెచ్చుకుంటున్నవా అన్నా?"

"మూలన పెట్టి కాపాడుడు నాకు తెల్వదా? నేను పద్నాలుగేండ్లు చేసిన పని గదరా." నవ్వు ఆగింది. "వెనుక నుంచి తన్నేటోనికి ఎట్లుంటదో మాత్రం ఇయ్యాలనే తెలిసింది."

ఆ రాత్రి భూదేవి ఏమందో నాకు తెలియదు. మర్నాడు సాయంత్రం ఆయన మామూలుగానే మైదానానికి వచ్చాడు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు, అంతవరకు దయ ఉంది. రెండు జట్లుగా ఆడుతున్నాం. హేమంత్ జట్టు ఒక గోల్ ముందుంది. హేమంత్ నేర్పినట్టే బంతిని కార్నర్ జెండా దగ్గరికి తెచ్చి, నడుం వెనక్కి పెట్టి నిలబడ్డాడు. నేను వెనకనుంచి గుంజుతున్నాను.

"ఏయ్, ఏం నిలబడ్డవ్ గాడ? గోల్ మీదికి పో!" అని వీరస్వామి అరిచాడు.

హేమంత్ తల తిప్పాడు. "అన్నా, నువ్వే గదా... మనం ఒక గోల్ ముందున్నం."

"ముందున్నమని ఎవడు చెప్పిండు రా నీకు? నిన్నటిదాంక నేను గూడ గట్లనే అనుకున్న."

ఆ మాటకు హేమంత్ జెండా వదిలి ఆయన వైపు తిరిగాడు. నేను బంతి లాక్కున్నాను.