పెళ్లికి ముందు నేను మార్చిన కాగితం

పదకొండేళ్లుగా ఒక కాగితానికి భయపడుతూ బతుకుతున్నాను. పాముకో కరువుకో భయపడితే నలుగురితో చెప్పుకోవచ్చు. దీన్ని ఎవరితో చెప్పుకోను? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పేర్లు అడగకండి. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యలో నన్ను నేనే వెనకేసుకొస్తుంటే మీకు తెలిసిపోతుంది లెండి.

నాకు ముందొక పెళ్లి జరిగింది. ఆయన జ్వరంతో పోయాడు. కర్మ అయిన మర్నాడే అత్తింటివాళ్లు నన్ను రాయదుర్గం బస్సెక్కించారు. పొలం కాగితాల్లో నా పేరు లేదు. ఇంటి కాగితాల్లో లేదు. చివరికి రేషన్ కార్డులో కూడా ఎక్కించలేదు. ఏడేళ్లు ఆ ఇంట్లో వండి పెట్టిన మనిషిని ఏ కాగితమూ గుర్తుపట్టలేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో చేరాను. పొద్దస్తమానం ప్యాంట్లకు జేబులు కుట్టడం నా పని. పదో తరగతి దాకా చదివానని తోటి ఆడవాళ్లు తమ కాగితాలన్నీ నాతో చదివించుకునేవాళ్లు. ఎవరి కాగితం చేతికిచ్చినా ముందు పేరెక్కడుందో వెతికేదాన్ని. అదొక జబ్బులా పట్టుకుంది.

అప్పుడు ఈయన సంబంధం వచ్చింది. కణేకల్ వైపు ఊరు. భార్య పోయి రెండేళ్లు. తొమ్మిదేళ్ల కూతురు. కాలవ కింద రెండెకరాలు. మెట్టచేలల్లో వేరుశనగ విత్తనం కూడా వెనక్కి రాని రోజుల్లో కాలవ కింద రెండెకరాలంటే ఏమిటో మా జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ చేను మొదటావిడ మెడలో ఉన్నదంతా అమ్మి కొన్నదట. పేరు మాత్రం ఆయనది. ఆ సంగతి నేను అడగకుండానే ఆయనే చెప్పాడు.

"ఆ చేను పాపది. వాళ్లమ్మది. మనం పెండ్లికి ముందే వకీలు దగ్గర రాయించేద్దాం. రేపు నీకు పిల్లోళ్లు పుట్టినా తగూ ఉండగూడదు. నాకు సదువు రాదు. నువ్వే సూసుకో."

నువ్వే చూసుకో. ఎంత తేలిగ్గా అన్నాడో!

ముగ్గురం కలిసి ఒక పెద్ద లాయరు గారింటికి వెళ్లాం. పాప అరుగు మీద కూచుని బొరుగులు తింటోంది. పెళ్లికి ముందు చేసుకునే ఒప్పందాలకు కోర్టుల్లో బలం తక్కువనీ, భూమిని పాప పేర దానంగా రాసి రిజిస్టరు చేయిస్తే ఇక ఎవరూ కదిలించలేరనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. చిత్తుప్రతి రాసి, పైకి చదివి వినిపించాడు. భూమి పాపకు. నేను బతికున్నంతకాలం ఈయన ఇంట్లో ఉండే హక్కు, ఆ చేని పంటలో తిండిగింజలు నాకు. ఈ రెండోది ఈయనే అడిగి రాయించాడు. "ఆమెకూ ఒక దారి ఉండల్ల గదా సార్" అన్నాడు. దీన్ని రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే రైటరుకిస్తే స్టాంపు కాగితాల మీద సాపు రాసిస్తాడని చెప్పి, లాయరు చిత్తుప్రతినీ చేని పాస్ పుస్తకాన్నీ నా చేతికిచ్చాడు. చదువొచ్చినదాన్ని నేనే కదా.

అది చాలదా? ఏ తండ్రైనా, ఏ మొగుడైనా అంతకంటే న్యాయంగా రాయిస్తాడా? చాలదనిపించింది నాకు. ఈ మనిషి కూడా పోతే? పాప పెద్దదై పొమ్మంటే? ఇంట్లో ఉండే హక్కు అని రాసుంది, నిజమే, కానీ ఉండనివ్వకపోతే ఆ కాగితం పట్టుకుని నేను ఏ కోర్టు చుట్టూ తిరగగలను? భయం మనిషికి తెలివితేటలు నేర్పిస్తుంది, సిగ్గు మాత్రం నేర్పించదు. యూనిట్లో మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే నేను కటింగ్ టేబుల్ దగ్గర నిలబడి ఆ చిత్తుప్రతిని నా చేత్తో తిరగరాశాను. సర్వే నంబరు అదే. హద్దులు అవే. పాప పేరున్న చోటల్లా నా పేరు రాశాను. జరగబోయే పెళ్లిని పురస్కరించుకుని ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టు ఒక వాక్యం చేర్చాను. ఏం రాస్తున్నావని ఎవరూ అడగలేదు. అడిగుంటే ఆగేదాన్నా? ఆగేదాన్నని చెప్పుకోవాలనుంది. తెలియదు.

రైటరు తనకిచ్చింది తను రాశాడు. లాయరు పని చిత్తుప్రతితో అయిపోయింది. ఇందులో వాళ్ల తప్పు పిసరంతైనా లేదు.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఈయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. రైటరు కాగితాలు సర్ది, "చదివి వినిపించల్లా అన్నా?" అని అడిగాడు. ఈయన నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు వకీలు సార్ సదివినాడే, అదే గదా ఇది?"

"ఊ. అదే."

"అయితే మల్లీ సదివేదేముండాది? ఏలిముద్ర యాడ ఎయ్యల్లో చెప్పప్పా."

అంతే. నా జీవితంలో నేనాడిన అతి చిన్న అబద్ధం అది. నా చూపు ఆయన బొటనవేలి మీదే ఉంది. రైటరు దాన్ని పట్టుకుని సిరాలో అద్ది, కాగితానికి అటూ ఇటూ దొర్లించాడు. లోపల ఆఫీసరు తలెత్తకుండా, రాసిచ్చింది నువ్వేనా, ఇష్టంతోనేనా అని అడిగితే ఈయన నవ్వుతూ "ఇష్టంతోనే సార్" అన్నాడు. బయటికొచ్చాక పాప నెత్తి మీద చెయ్యి వేసి, "ఇంగ ఆ చేను నీదేరా" అన్నాడు. ఆ పక్కనే నిలబడి ఉన్నాను. కొంగు ముఖానికి అడ్డం లాక్కున్నాను. ఎండకు అనుకున్నారు.

తర్వాతి వారం పెళ్లయింది. మంచి మనిషి. మంచి మనిషి కాకపోయుంటే ఎంత బాగుండేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఒక్కసారి కొట్టినా, ఒక్కసారి పొమ్మన్నా, నేను చేసింది సరే అనిపించేది. ఆ అవకాశం ఇవ్వలేదు. పైగా కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు, మా ఇంటామె దగ్గరుండి పాప పేరు మీద భూమి రాయించింది అని. ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూపించి కోడళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లు. నాకు పిల్లలు పుట్టలేదు. పాప నన్ను చిన్నమ్మా అని పిలుస్తూ నా పక్కలోనే పడుకుని పెరిగింది.

పాస్ పుస్తకంలో పేరు మార్పించుకోవాలంటే భయం. కాగితం చించేద్దామంటే నకలు ఆఫీసులో ఉంటుంది. దాన్ని కుట్టుమిషన్ సొరుగులో అడుగున పెట్టి, సొరుగు తెరిచినప్పుడల్లా చూసుకునేదాన్ని. ఎవరు దొంగిలిస్తారని?

తర్వాత కాలవకు నీళ్లు రాని ఏళ్లు వచ్చాయి. బ్యాంకులో అప్పు తీసుకుని బోరు వేద్దామన్నాడు. బ్యాంకువాళ్లు భూమి ఎవరి చేతులు మారిందో చూపే ఈసీ కాగితం అడుగుతారు. అందులో అంతా బయటపడుతుంది. నేను ఒప్పుకోలేదు. బోర్లు వేసి మునిగినవాళ్ల పేర్లు వరసపెట్టి చెప్పాను. అన్నం మానేశాను. అందరూ నా మాటే సబబన్నారు. ఆయన బోరు సంగతి వదిలేసి బళ్లారి వైపు బిల్డింగు పనికి వెళ్లాడు. రెండో ఏడు పైఅంతస్తు నుంచి పడి చనిపోయాడు.

నేను తోయలేదు. అలాగని ఎన్నిసార్లు చెప్పుకున్నా, అప్పు తీసుకోనిచ్చుంటే ఆయన చేలోనే ఉండేవాడు కదా అన్న మాట తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంటుంది. బోరు పడేదో లేదో. మనిషి ఉండేవాడు.

ఇప్పుడు పాప అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నర్సు. తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటోంది. మంచివాడిలాగే ఉన్నాడు. పోయిన నెల వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని అంది: "చిన్నమ్మా, నాయనా నువ్వూ పెండ్లికి ముందే నా పేరు మీద కాగితం రాయించినారు గదా. నేనూ అట్లనే అన్నీ ముందే రాయించుకుంటా. ఆ కాగితం తీసి పెట్టు. ఆడ ఒక లాయరమ్మ ఉండాది, చూపిస్తా."

చెయ్యి ఆమె జుట్టులోనే ఉండిపోయింది. ఎక్కడో పెట్టాను, వెతుకుతాను అన్నాను. మళ్లీ ఒక చిన్న అబద్ధం.

మీరు అనుకుంటున్నది నాకు తెలుసు. ఆ భూమి తిరిగి రాసిచ్చేస్తే పోదా? అదీ కనుక్కున్నాను. రాయదుర్గంలో రైటరునొకర్ని, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. కొత్త దస్తావేజులో ఆ భూమి నాకెలా వచ్చిందో రాయాలట. పాత దస్తావేజు నంబరు, తేదీ, ఎవరు ఎవరికి ఇచ్చారో అన్నీ. అంటే తిరిగివ్వాలన్నా, ఎలా తీసుకున్నానో ముందు చెప్పాలి. పాప ఏ కాగితాన్నైనా అక్షరం వదలకుండా చదువుతుంది. అలా చదవడం నేర్పింది నేనే.

ఆదివారం వస్తుంది. చెబుతానా? చెబుతాననే అనుకుంటున్నాను, కానీ నా అనుకోవడం మీద నాకే నమ్మకం లేదు. భూమి పోతుందని కాదు నా భయం, అది ఏనాడూ నాది కాదు. ఆమె నన్ను చిన్నమ్మా అనడం మానేస్తుంది. నన్ను పిలిచేవాళ్లు ఇక లోకంలో ఎవరూ ఉండరు. ఆ పిలుపు లేని ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన ఆయన లేడు. క్షమించగలిగిన పిల్లకు తెలియదు. ఇన్నేళ్లూ దీనికి ఏవేవో పేర్లు పెట్టుకున్నాను. ముందుజాగ్రత్త అన్నాను, ఆడదాని భయం అన్నాను, మొదటి అత్తింటివాళ్ల పాపం అన్నాను. అసలు పేరు మనసులో కూడా పలకలేదు. ఇప్పుడు రాస్తున్నాను: తల్లి లేని పిల్ల భూమిని, తండ్రి చేతనే వేలిముద్ర వేయించి, నేను దొంగిలించాను.

రాశాను. ఈ వాక్యాన్ని కొట్టివేయను.