కొలతకు కుట్టిన స్నానాల గది

నేను పైపుల పనివాణ్ణి. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుందని మా ఇంట్లో అంటారు. నిజం అది కాదు, నేనే బడిని వదిలేశాను. నేను వెళ్లిపోయాక లెక్కల మాస్టారుకి పాఠం చెప్పబుద్ధి కాలేదని వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే అనుకోండి. గోడకి చెవి ఆనిస్తే లోపల నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పేస్తాను. ఒకసారి రెండు వీధుల అవతల ఎవరింట్లోనో చుక్క పడుతుంటే ఇక్కడ నిద్రలోంచి లేచి కూర్చున్నాను. నమ్మకపోతే మానేయండి, ఆ చుక్కకి తెలుసు.

ఇప్పుడు చెప్పబోయేది నా గొప్ప కాదు, మా వీధి టైలరుది. ఆయన్ని అందరం టేపు బాబాయ్ అంటాం. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. మనిషి ఎదురుపడితే పలకరింపు కంటే ముందు కళ్లతో భుజాల కొలత తీసేస్తాడు. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుని మా తాపీమేస్త్రి పెళ్లిచూపులకి వెళితే, అమ్మాయి చొక్కాకి సరేనంది. మేస్త్రి సంగతి తర్వాత చూద్దామంది.

బాబాయిది చిన్న ఇల్లు. ముందు గదికి షట్టర్, అదే దుకాణం. మధ్య గదిలో మంచం. వెనక వంటగది. స్నానానికి మాత్రం మెట్లు దిగి పెరట్లోకి పోవాలి. పిల్లలు లేరు. బట్ట కత్తిరించడం, కుట్టడం బాబాయ్ పని. కాజాలు, గుండీలు, అంచులు పిన్ని పని. పిన్ని నోరు ఆయన కత్తెర కంటే పదును. నన్ను చూస్తే చాలు, "రారా, ఇవాళ ఏ నదికి అడ్డుకట్ట కట్టొచ్చావు?" అనేది.

అలాంటి పిన్నికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట మాత్రం మిగిలింది, చెయ్యీ కాలూ పోయాయి. పెరటి మెట్లు ఆవిడకిక కొండతో సమానం. బాబాయ్ రోజూ వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేవాడు. వంటగదికి తలుపు లేదు. గుండీలు అడగడానికొచ్చే వాళ్లూ, చొక్కా అయిందా అని లోపలికి తొంగిచూసే వాళ్లూ. పిన్ని కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ కొన్నాళ్లూ నన్ను ఒక్కసారి కూడా వెక్కిరించలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

ఒకరోజు ఆవిడే వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేయించుకుంది. ఆయన లారీలు తూచే కాటా నడుపుతాడు. మనిషి కూడా తూకం రాయిలా నిండుగా ఉంటాడు. ఇల్లు పెద్దది, చూసుకోవడానికి మనిషి ఉంది, గదిలోనే స్నానానికి వసతి. వచ్చి కూర్చున్నాడు.

"ఏవండీ, నేను అన్నయ్యతో వెళతాను" అంది పిన్ని.

"ఎన్నాళ్లు?" అన్నాడు బాబాయ్.

"ఎన్నాళ్లేమిటి? ఈ జబ్బుకి నెలలూ వారాలూ ఉంటాయా? గిన్నెను తోమినట్టు తోముతున్నారు నన్ను. నాకు తలుపు మూసుకుని, నెత్తి మీద నుంచి నీళ్లు జారే స్నానం కావాలి. అది మీరు ఇవ్వలేరు. మీ తప్పని నేననడం లేదు."

తప్పని అనకపోవడమే ఆయన్ని దెబ్బ తీసింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. టేపు రెండు చేతులతో పట్టుకుని లాగుతూ, వదులుతూ, "బావగారూ, వచ్చే నెల మొదటి ఆదివారం దాకా ఆగండి. ఇక్కడే, ఇంట్లోనే గది కడతాను. అది మీ చెల్లెలికి పనికి రాకపోతే మీ కారులో నేనే ఎక్కిస్తాను" అన్నాడు.

కాటా అన్నయ్య దుకాణం వైపు ఒకసారి, మధ్య గది వైపు ఒకసారి చూశాడు. "ఎక్కడ కడతావు బావా, నెత్తి మీదా?" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు.

చోటు నిజంగానే లేదు. ఉన్నదల్లా దుకాణం వెనక భాగం, అదీ కత్తిరించే బల్లకీ మధ్య గది గోడకీ నడుమ. బల్ల పోతే పని పోతుంది. పని పోతే పొయ్యి ఆరిపోతుంది. కాబట్టి బల్ల కదలకూడదు. మిగిలిన ముక్కలోనే గది రావాలి. చాలీచాలని బిట్టులో పిల్లాడి లాగు తీయడమెలాగో ఆయనకి చెప్పాలా? అట్టకాగితాలు అతికించి అసలు సైజులో గదిని నేల మీద పరిచాడు. చక్రాల స్నానపు కుర్చీ తెచ్చి, పిన్నిని అందులో కూర్చోబెట్టి, కాగితం మీదకి తోశాడు. ఆవిడ మోచేయి ఎంత దూరం వస్తుంది, ఎడమచెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుంది, మోకాలు ఎక్కడికొస్తుంది, అన్నీ సుద్దతో గీశాడు. చుట్టూ తిరిగాడు, వంగాడు, లేచాడు, మళ్లీ తిరిగాడు. ఇటుకకీ పూతకీ టైల్సుకీ, కుట్టుకి బట్ట వదిలినట్టు, వేరువేరుగా మందం వదిలాడు. నేనూ పక్కనే నిలబడి చూశాను. ఇంజనీర్లు ఇది చూస్తే పట్టాలు చించుకుంటారని అన్నాను కూడా.

"బాబాయ్, బొత్తిగా ఒంటికి అతుక్కున్నట్టుంది. కాస్త లూజు పెట్టు" అన్నాడు మేస్త్రి.

"లూజు బల్లలోంచి తీయాలి. బల్ల ఇవ్వను. నువ్వు గీత మీద ఇటుక పెట్టు, చాలు."

మేస్త్రి పెట్టాడు. పలచని గోడ లేచింది. నేను గోడ చీల్చి పైపులు వేశాను, కుళాయి ఎడమచేతికి అందేలా దించాను, చేతిషవర్ తగిలించాను, గీజరు పైన దుకాణం వైపు బిగించాను. గడప లేదు, కుర్చీ నేరుగా దొర్లిపోవాలి. నేల వాలు రసమట్టంతో పనిలేకుండా నా అరికాలితో చూశాను. మూలన వదిలిన నీటిచుక్క జాలీ దగ్గరికి దారి అడక్కుండా వెళ్లింది. జారని గరుకు టైల్సు. పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. తలుపు మధ్య గది వైపు, బయటికి తెరుచుకునేలా పెట్టాం. ఆ రోజుల్లో బాబాయ్ పగలంతా సిమెంటు దుమ్ములో మిషను తొక్కేవాడు, మధ్యమధ్య లేచొచ్చి గోడని అరచేత్తో తడిమేవాడు. పిన్ని మంచం మీద నుంచి చూసేది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పెట్టె మాత్రం సర్దించి గోడ వారన పెట్టించుకుంది.

ఆదివారం వచ్చింది. టైల్సు సందుల్లో నింపిన గ్రౌట్ ఆరింది. కారు కూడా వచ్చింది.

కాటా అన్నయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చి, తల మాత్రం గదిలోకి పెట్టి చూశాడు. మనిషి మొత్తం పట్టడని ఆయనకే తెలిసినట్టుంది. "చక్కగా ఉంది బావా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

పిన్నికి దుప్పటి కప్పి, కుర్చీలోకి ఎక్కించి, బాబాయ్ తోశాడు. కాజాలోకి గుండీ దూరినట్టు దూరింది కుర్చీ. రెండు వైపులా చక్రాలు గోడని తాకలేదు. మోకాళ్లు కుళాయికి తగల్లేదు. నేను ఈల వేశాను.

తర్వాత బాబాయ్ ఆవిడకి స్నానం చేయించడానికి లోపలికి అడుగు పెట్టబోయాడు.

పెట్టడానికి చోటు లేదు.

కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు. చక్రం మీదుగా ఒక కాలు ఎత్తి లోపల పెట్టాడు, రెండో కాలు రాలేదు. మోచేయి తగిలి కుళాయి తిరిగి షవర్ నీళ్లు ఆయన మొహం మీదే వచ్చిపడ్డాయి. వెనక్కి వచ్చేసి, తలుపు దగ్గర నిలబడి, వెనక నుంచి చెయ్యి చాచి నీళ్లు పోయబోయాడు. భుజాల దాకా అందుతోంది, కాళ్లు అందవు. ఆయన నిలబడితే తలుపు పడదు. నీళ్లు కుర్చీకి తగిలి చెదిరి మధ్య గదిలోకి వచ్చి మంచం కిందకి పోతున్నాయి. నా వాలు ఎంత గొప్పదైతే ఏం, తలుపు బయట దానికి ఏం పని?

అప్పుడు అర్థమైంది అందరికీ. కాగితానికి గోడలుండవు. ఆ రోజు ఆయన పిన్ని చుట్టూ తిరిగిందంతా గీతకి బయట. ఎన్నేళ్లుగానో బట్ట తొడుక్కునే మనిషి కొలతే తీశాడు. కుట్టేవాడు చొక్కా లోపల ఎందుకుంటాడు?

పిన్ని తల తిప్పకుండానే అంది, "నాకొక్కదానికే కుట్టారు కదండీ. మీకు గుడ్డ చాల్లేదా?"

వెక్కిరింపే. చాలా రోజుల తర్వాత వచ్చిన వెక్కిరింపు. కానీ ఎవరం నవ్వలేదు, ఎందుకంటే బాబాయ్ మొహంలో రక్తం లేదు. తడి చొక్కాతో వచ్చి నా సంచిలోంచి సుత్తి తీసుకుని దుకాణంలోకి నడిచాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు?"

"గోడ తీసేస్తాను. బల్ల అవతల పారేస్తాను. మోకాలంత జరిపితే చాలు, నేను పడతాను."

"బల్ల లేకుండా ఎక్కడ కత్తిరిస్తావు?"

"నీ నెత్తి మీద కత్తిరిస్తాను, తప్పుకో!"

ఒక దెబ్బ వేశాడు. లోపల పిన్ని ఎదురుగా టైలు ఒకటి పగిలిన చప్పుడు. "ఆపండి!" అని కేక. ఆ కేకకి ఆయన చేతుల్లో సుత్తి ఆగింది. కాటా అన్నయ్య వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలు బావా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఎవరూ నిన్నేమీ అనరు. దాన్ని తీసుకెళతాను. నువ్వూ ఎప్పుడైనా రా, నాలుగు రోజులుండు."

బాబాయ్ అక్కడే బట్టల ముక్కల మధ్య కూలబడ్డాడు. "బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. అది వెళితే తిరిగి రాదు. అక్కడ బాగుంటుంది. నాకు తెలుసు, బాగుంటుంది. అందుకే తిరిగి రాదు." అంత ముసలాడు అలా అడుగుతుంటే నాకెటు చూడాలో తెలియలేదు. కన్నీళ్లన్నవి నాకు ఒంట్లోనే తయారుకావు, గీజరు ఆవిరి కళ్లలో పడింది.

"వింటున్నారా?" గదిలోంచి పిన్ని గొంతు. "చలేస్తోంది. అందరూ బయటికి నడవండి. తలుపు మూయండి."

బాబాయ్ లేచి పరిగెత్తాడు. "ఒక్కదానివా? చెయ్యి పట్టు తప్పితే? పడితే?"

"పడటానికి చోటెక్కడ ఉంచారు ఇందులో? అటు వాలితే గోడ, ఇటు వాలితే గోడ. మూయండి."

మూశాడు. మూసి, నుదురు తలుపుకి ఆనించాడు. కాటా అన్నయ్య మంచం మీద కూర్చుంటే మంచం మూలిగింది. నేను చెవి ఆనించాల్సిన పని లేకుండానే అన్నీ వినపడుతున్నాయి. కుళాయి తిరిగింది. నీళ్లు ముందు ప్లాస్టిక్కు మీద పడ్డాయి, తర్వాత మెత్తగా, ఒంటి మీద. ఆగాయి. ఏదో జారిపడింది.

"ఏమైంది?"

"సబ్బు."

"తీసిస్తాను."

"తలుపు తీశారంటే ఇటు నుంచి ఇటే కారెక్కుతాను."

ఆయన పిడి మీద వేసిన చెయ్యి తీసేశాడు. మళ్లీ నీళ్లు. ఈసారి ఆగకుండా, ఆగకుండా. పైన ట్యాంకు ఖాళీ అయి పైపులో గాలి గురకపెట్టేదాకా. మధ్యలో ఒకసారి ఏడుపులాంటిది వినబడింది. ఏడుపో, ముక్కులో నీళ్లు పోయాయో నేను చెప్పలేను. బాబాయ్ పిడి మీద మళ్లీ చెయ్యి వేశాడు, మళ్లీ తీశాడు.

చివరికి లోపలి నుంచి తట్టింది. తలుపు తీసి కుర్చీని వెనక్కి లాగాడు. తడి దుప్పటి భుజాలకి ఎలాగో చుట్టుకుంది. జుట్టులో సబ్బు సబ్బులాగే ఉంది. ఎడమచెయ్యి కడ్డీ పట్టుకుని పట్టుకుని ఎర్రబడింది. అలసటకి తల నిలవడం లేదు.

కాటా అన్నయ్య దగ్గరికొచ్చి జుట్టు తాకి చూశాడు. "జుట్టు కడగలేదు చెల్లాయ్. వీపు తడవనే లేదు."

"వీపు ఆయన తుడుస్తారు. జుట్టు రేపు చూస్తా."

"రేపు చెయ్యగలవా?"

పిన్ని తల కుర్చీకి ఆనించింది. బాబాయ్ తువ్వాలుతో తల తుడుస్తున్నాడు. గెలిచినవాడి మొహం కాదది.

"వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను" అన్నాడు కాటా అన్నయ్య, చెప్పులు వేసుకుంటూ. "ఒక్కసారి జారినా, ఒక్కసారి, తీసుకెళ్లిపోతాను. నువ్వడిగినా, బావ ఏడ్చినా సరే."

"అలాగే" అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే పగిలిన టైలు మార్చడానికీ, సబ్బుకి తాడు కట్టడానికీ వెళ్లాను. షట్టర్ సగమే ఎత్తి ఉంది. బల్ల మీద ఎవరిదో ప్యాంటు సగం కత్తిరించి వదిలేసి ఉంది. బాబాయ్ స్నానాల గది తలుపు బయట నిలబడి ఉన్నాడు, చేతి మీద పొడి తువ్వాలు వేసుకుని. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నేను, ఊళ్లో ఏ పైపైనా నా మాట వింటుందని చెప్పుకునేవాణ్ణి, గోడకి ఆనుకుని మాట్లాడకుండా నిలబడ్డాను. లోపల నీళ్లు పడుతున్నాయి. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఆయన ఊపిరి ఆగేది. మళ్లీ నీళ్లు పడ్డాకే వదిలేవాడు.